రచయిత పేరు మీద: యూరప్ కాపీరైటు చట్టాల చరిత్ర

2019 మార్చి 26న స్ట్రాస్‌బర్గ్‌లో యూరోపియన్ పార్లమెంటు కొత్త కాపీరైటు డైరెక్టివును ఆమోదించింది. అనుకూలంగా 348 ఓట్లు, ప్రతికూలంగా 274. డైరెక్టివు అంటే సభ్యదేశాలన్నీ గడువులోగా తమ తమ చట్టాల్లోకి తెచ్చుకోవలసిన ఉమ్మడి శాసనం. దీన్ని వ్యతిరేకిస్తూ అంతకు మూడు రోజుల ముందే జర్మనీ నగరాల్లో పెద్ద ఊరేగింపులు జరిగాయి. యాభై లక్షల దాకా సంతకాలతో ఒక మహజరు తయారైంది. పత్రికాధిపతులు, సంగీత కంపెనీలు, సినిమా నిర్మాతలు ఒకవైపు. గూగుల్ వంటి అమెరికన్ కంపెనీలు, వాటితో ఏ సంబంధమూ లేని విద్యార్థులు, గ్రంథాలయ సంఘాలు, పౌరహక్కుల సంఘాలు మరొకవైపు. రెండు పక్షాలూ ఎత్తుకున్న పేరు మాత్రం ఒక్కటే: రచయిత, కళాకారుడు.

రచయిత పేరు ఇంత గట్టిగా వినిపించినప్పుడల్లా అది ఎవరి నోట వినిపిస్తోంది, చివరికి డబ్బు ఎవరి పెట్టెలో పడింది అని విచారించక తప్పదు. ఆ విచారణ 2019తో మొదలుపెడితే కుదరదు. మూడు వందల ఏళ్ళు వెనక్కి పోవాలి.

ఇంగ్లండులో 1557లో మేరీ రాణి లండన్ ముద్రాపకుల, పుస్తక వ్యాపారుల శ్రేణికి సన్నదు ఇచ్చింది. స్టేషనర్స్ కంపెనీ అంటే అదే. ప్రభుత్వానికి కావలసింది రాజద్రోహ, మతద్రోహ గ్రంథాల మీద నిఘా. వ్యాపారులకు కావలసింది గుత్తాధికారం. ఒకరి అవసరం ఒకరు తీర్చుకున్నారు. కంపెనీ రిజిస్టరులో ఏ సభ్యుడు పుస్తకాన్ని నమోదు చేసుకుంటే దాని హక్కు అతనిదే. అనుమతి లేని అచ్చుయంత్రాలను వెతికి పట్టుకునే అధికారం కూడా కంపెనీకే ఉంది. రాసినవాడి ఊసు అందులో లేదు. 1667లో మిల్టన్ తన ‘పేరడైజ్ లాస్ట్’ కావ్యాన్ని శామ్యూల్ సిమన్స్ అనే ముద్రాపకుడికి ఐదు పౌన్లకు ఇచ్చాడు. మొదటి ముద్రణ అమ్ముడుపోయాక ఇంకో ఐదు పౌన్లు ముట్టాయి. ఆయన పోయాక భార్య మిగిలిన హక్కులన్నీ ఎనిమిది పౌన్లకు వదులుకుంది. తర్వాత ఆ కావ్యాన్ని చేజిక్కించుకున్న టాన్సన్ కుటుంబం దాని మీద దశాబ్దాల పాటు లాభాలు తీసింది. మార్క్స్ ‘అదనపు విలువ సిద్ధాంతాలు’లో ఈ ఐదు పౌన్ల బేరాన్నే ఉదాహరణగా తీసుకున్నాడు. కావ్యం రాయడం మిల్టన్ స్వభావం నుంచి వచ్చిన పని, దాన్ని సరుకుగా అమ్మడం వేరే పని అని విడదీసి చూపాడు.

1695లో లైసెన్సింగ్ చట్టం గడువు తీరిపోయింది. పార్లమెంటు దాన్ని తిరిగి పొడిగించలేదు. గుత్తాధికారం జారిపోయిన వ్యాపారులు ఏళ్ళ తరబడి పార్లమెంటు చుట్టూ తిరిగారు. మా గుత్తాధికారం మాకివ్వండి అంటే వినేవాళ్ళు కరువయ్యారు. అందుకని అర్జీల్లో రచయితలనూ వాళ్ళ కుటుంబాలనూ ముందుకు తెచ్చారు. దాని ఫలితమే 1710 నాటి ఆన్ రాణి శాసనం. కొత్త పుస్తకం మీద రచయితకు 14 ఏళ్ళ హక్కు, అప్పటికి బతికి ఉంటే మరో 14 ఏళ్ళు. రాసినవాడికి హక్కుందని చట్టం మొదటిసారిగా ఒప్పుకుంది. దీన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. కాని ఆ హక్కును వ్యాపారికి రాసి ఇస్తే తప్ప పుస్తకం అచ్చుకాదు. హక్కు పుట్టేది రచయిత దగ్గర, చేరేది వ్యాపారి దగ్గర.

గడువు తీరినా హక్కు మాదేనని లండన్ వ్యాపారులు మరో అరవై ఏళ్ళు పోరాడారు. 1769లో ఒక కోర్టు వాళ్ళ పక్షాన తీర్పు కూడా ఇచ్చింది. ఎడిన్‌బరోలో చౌక ప్రతులు వేసి అమ్ముతూ వాళ్ళ చేత దొంగ అనిపించుకున్న అలెగ్జాండర్ డొనాల్డ్‌సన్ లొంగలేదు. 1774లో ప్రభువుల సభ అతని పక్షాన తేల్చింది: హక్కుకు గడువుంది, గడువు తీరితే పుస్తకం సర్వజనులది. 1777 నుంచి జాన్ బెల్ ఇంగ్లీషు కవులను 109 చిన్న సంపుటాల్లో అచ్చువేసి సామాన్య పాఠకుల చేతికి ఇవ్వగలిగాడంటే ఈ ‘దొంగ’ గెలిచిన దావా పుణ్యమే.

విప్లవ ఫ్రాన్సు కథ మనకు ఇంకా ముఖ్యం. 1791 జనవరిలో నాటకకర్తల హక్కుల చట్టాన్ని జాతీయ సభ ముందుంచి, మనిషి ఆలోచన నుంచి పుట్టిన రచనను అతి పవిత్రమైన సొత్తుగా కీర్తించిన సభ్యుడు ల షాప్లియే. అదే ఏడాది జూన్‌లో కార్మికులు కూలి కోసం ఏకం కావడాన్నీ, సంఘాలు పెట్టుకోవడాన్నీ నేరంగా చేసిన చట్టం తెచ్చిందీ ఆయనే. ‘పెట్టుబడి’ మొదటి సంపుటం చదివినవాళ్ళకు ఆ రెండో చట్టం పరిచయమే. మొదటిది తెచ్చింది కూడా అదే మనిషని సాధారణంగా ఎవరూ గుర్తుచేయరు. కలం పట్టినవాడి రచన పవిత్రమైన ఆస్తి, సుత్తి పట్టినవాడి సంఘం నేరం! బూర్జువా చట్టం రచయితను ఆస్తిపరుడిగా గుర్తించింది, శ్రామికుడిగా గుర్తించలేదు. అమ్ముకోవడానికి ఆస్తినిచ్చింది గాని బేరమాడడానికి బలం ఇవ్వలేదు. ఈ సంగతి మనసులో ఉంచుకుని ఇటీవలి పరిణామాలు చూద్దాం.

1886 నాటి బెర్న్ ఒప్పందాన్నీ తర్వాతి సవరణలనూ దాటి 1993కు వద్దాం. ఆ ఏడాది అక్టోబరులో యూరప్ దేశాలు కాపీరైటు గడువును ఒక్కటి చేశాయి. అప్పటికి చాలా దేశాల్లో రచయిత మరణం తర్వాత 50 ఏళ్ళు, జర్మనీలో 1965 నుంచి 70 ఏళ్ళు. ఎక్కువ ఉన్నచోట తగ్గించి సమానం చేయవచ్చు, తక్కువ ఉన్నచోట పెంచీ చేయవచ్చు. పెంచడమే ఎంచుకున్నారు. మనుషుల ఆయుర్దాయం పెరిగింది కనుక రెండు తరాల వారసులను కాపాడాలంటే 50 ఏళ్ళు చాలవని కారణం చెప్పారు. దాంతో ఒక వింత జరిగింది. 1941లో మరణించిన జేమ్స్ జాయిస్, వర్జీనియా వుల్ఫ్‌ల రచనలు బ్రిటన్‌లో 1992 జనవరి నుంచి సర్వజనుల సొత్తయ్యాయి. నాలుగేళ్ళు తిరిగేసరికి వాటి మీద మళ్ళీ హక్కు పుట్టుకొచ్చి 2011 చివరిదాకా నిలిచింది. జాయిస్ మనవడు ఆ హక్కును ఎంత కఠినంగా అమలు జరిపాడంటే, 2004లో ‘యులిసీస్’ కథాదినానికి నూరేళ్ళు నిండిన సందర్భంలో డబ్లిన్ జాతీయ గ్రంథాలయం ఆయన రాతప్రతులను ప్రదర్శనకు పెట్టడానికి కూడా దావా భయం పట్టుకుంది. ఐర్లండు పార్లమెంటు హడావుడిగా ఒక సవరణ చట్టం చేస్తే గాని ప్రదర్శన సాగలేదు. మన దేశంలోనూ 1941లోనే పోయిన టాగూరు రచనల గడువు 1991తో తీరబోతుండగా, 1992లో చట్టం మార్చి 50 ఏళ్ళను 60 చేసిన సంగతి సాహిత్య విద్యార్థులు ఎరుగుదురు. చనిపోయిన రచయిత గడువు పెంచమని గట్టిగా అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. బతికున్న రచయిత రేటు పెంచమని అడిగేవాళ్ళే కరువు.

ఇక ఇంటర్నెట్. 2000 సంవత్సరంలో యూరోపియన్ యూనియన్ ఈ-కామర్స్ డైరెక్టివు తెచ్చింది. ఇతరులు తమ దగ్గర దాచిన సరుకు అక్రమమైనదని తెలియనంతకాలం కంపెనీకి బాధ్యత లేదు. తెలిసిన వెంటనే తీసెయ్యాలి. అందరి మీదా ఎల్లవేళలా నిఘా వేయమని ఏ ప్రభుత్వమూ శాసించరాదు. స్థూలంగా అదీ ఏర్పాటు. మరుసటేడు వచ్చిన కాపీరైటు డైరెక్టివు, రచనను ఇంటర్నెట్‌లో ప్రజలకు అందుబాటులో పెట్టే హక్కు రచయితదే అని రాసింది. అప్పటికి యూట్యూబ్ పుట్టలేదు. అది 2005లో వచ్చింది. కోట్లమంది ఎక్కించిన పాటలు, సినిమాలు, రాతల మీద ప్రకటనలు అమ్ముకుని బతికే వ్యాపారానికి, చిన్న కంపెనీల కోసం కట్టిన ఈ గొడుగు సరిగ్గా సరిపోయింది.

మొదట్లో హక్కుదారుల దెబ్బ ఆ వ్యాపారం మీద పడలేదు, పాఠకుడి మీద, శ్రోత మీద పడింది. ఫ్రాన్సు 2009లో హడోపి చట్టం చేసింది. అక్రమంగా ప్రతులు దింపుకున్నవాడికి రెండు హెచ్చరికలు, మూడోసారి పట్టుబడితే ఇంట్లో ఇంటర్నెట్ కోత. ఆ శిక్ష వేసే అధికారం ఒక పరిపాలనా సంస్థకు ఇవ్వడం చెల్లదని ఆ జూన్‌లోనే ఫ్రాన్సు రాజ్యాంగ మండలి కొట్టేసింది. 1789 మానవహక్కుల ప్రకటనలోని భావప్రకటనా స్వేచ్ఛలో ఇంటర్నెట్ అందుబాటు కూడా భాగమేనంది. కోత విధించే అధికారాన్ని తర్వాత న్యాయమూర్తికి అప్పగించారు; 2013లో ఆ శిక్షనే ఎత్తేశారు. స్వీడన్‌లో అదే 2009లో ‘పైరేట్ బే’ నడిపిన కేసులో నలుగురికి ఏడాది జైలు పడింది. అప్పీలులో జైలు తగ్గి జరిమానా పెరిగింది. కొద్ది వారాల్లోనే స్వీడన్ ఓటర్లలో ఏడు శాతం పైగా పైరేట్ పార్టీకి ఓటేసి యూరోపియన్ పార్లమెంటుకు పంపారు. ప్రతి సందేశాన్నీ జల్లెడ పట్టమని ఇంటర్నెట్ కంపెనీని శాసించడం కుదరదని 2011 నవంబరులో లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం బెల్జియం కేసులో తేల్చింది. రహస్యంగా తయారైన ‘ఆక్టా’ అంతర్జాతీయ ఒప్పందం మీద 2012 చలికాలంలో పోలండ్ వీధులు నిండిపోయాయి. ఆ జులై 4న యూరోపియన్ పార్లమెంటు దాన్ని 478 ఓట్లతో తిరస్కరించింది.

ఇక్కడ మన అభ్యుదయ శిబిరంలోనే ఉన్న ఒక భ్రమ గురించి చెప్పాలి. దొంగ ప్రతి ఉచితం కనుక అది ప్రజాస్వామికమనే వాదన వినిపిస్తూ ఉంటుంది. తెలుగు నవలల పీడీఎఫ్ ప్రతులు ఫోను నుంచి ఫోనుకు పోతున్నాయి. సొంత డబ్బుతో పుస్తకం వేసుకున్న రచయిత అది చూసి బాధపడితే ఆ బాధ న్యాయమైనదే. దొంగ ప్రతుల వెబ్‌సైటు కూడా ప్రకటనల మీద నడిచే దుకాణమే. 2017లో పైరేట్ బే మీద యూరోపియన్ న్యాయస్థానం, ఆ ప్రతులను వరసపెట్టి వెతుక్కునే వీలు కల్పించి నడుపుతున్నవాళ్ళే వాటిని ప్రజలకు అందిస్తున్నట్లు లెక్క అని తేల్చడంలో తప్పు పట్టవలసింది కనిపించదు. కాని పుస్తకం కొనలేక పీడీఎఫ్ చదివే విద్యార్థి, ఆ దుకాణం నడిపేవాడు ఒక్కటి కారు. చట్టం వాళ్ళిద్దరినీ ఒకే గాటన కట్టినప్పుడల్లా దెబ్బ తినేది విద్యార్థే.

దీనికి నిదర్శనం వాల్‌ట్రాప్ బడి కేసు. పశ్చిమ జర్మనీలోని ఆ చిన్న ఊళ్ళో ఒక విద్యార్థిని స్పానిష్ పాఠం కోసం కోర్దోబా నగరం గురించి వ్యాసం తయారుచేసింది. ఒక ప్రయాణాల వెబ్‌సైటులో ఎవరైనా చూడగలిగే ఫోటోను అందులో పెట్టుకుని, ఎక్కడిదో కింద రాసింది కూడా. బడి ఆ వ్యాసాన్ని తన వెబ్‌సైటులో పెట్టింది. ఫోటోగ్రాఫరు దావా వేశాడు. 2018 ఆగస్టులో యూరోపియన్ న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పిచ్చింది: లింకు ఇచ్చి ఉంటే ఒక రకం, ఫోటోను దింపుకుని మళ్ళీ ఎక్కించడం కొత్త ప్రజలకు కొత్తగా అందించడమే. 2009లో డెన్మార్కు పత్రికల కేసులో వరసగా పదకొండు మాటలు తీసుకున్నా, వాటిలో రచయిత సొంత సృష్టి కనబడితే చాలు, ఉల్లంఘన కాగలదని చెప్పిన న్యాయస్థానమే ఇది. 2019 డిసెంబరులో ఇదే న్యాయస్థానం, చదివేసిన ఈ-పుస్తకాలను తిరిగి అమ్మే టామ్ కాబినెట్ అనే డచ్చి వ్యాపారం అనుమతి లేకుండా కుదరదంది. కాగితం పుస్తకానికి పాత పుస్తకాల షాపు ఉంటుంది, తెర మీది పుస్తకానికి ఉండదన్న మాట.

ఇంతవరకూ కథలో హక్కుదారుడు ఒక్కడే అన్నట్లు మాట్లాడాం. హక్కుదారుల్లో రాసినవాడు వేరు, అచ్చేసినవాడు వేరు అని చట్టం ముఖం మీదే చెప్పిన ఘట్టం ఒకటుంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే 1969కి పోవాలి.

ఆ ఏడాది జూన్‌లో కొలోన్‌లో పశ్చిమ జర్మనీ రచయితల సంఘం ఏర్పడింది. ప్రారంభ సభలో హైన్రిష్ బోల్ చేసిన ప్రసంగం ‘వినయానికి స్వస్తి’ అనే పేరుతో ప్రసిద్ధం. పుస్తకం మీద అందరూ ఎంతెంత సంపాదిస్తున్నారో, రాసినవాడికి ఎంత మిగులుతోందో ఆయన లెక్కలు తీసి చూపాడు. కవి లెక్కలు అడగకూడదన్న మర్యాదను పక్కన పెట్టాడు. ఆ సంఘం కొద్ది ఏళ్ళకే ప్రింటింగు, కాగితపు పరిశ్రమల కార్మికుల యూనియనులో చేరింది. ల షాప్లియే విడదీసిన కలాన్నీ సుత్తినీ మళ్ళీ కలిపిన పని అది. గ్రంథాలయం అరువిచ్చే పుస్తకాల మీద ప్రభుత్వం రచయితలకు డబ్బు చెల్లించాలన్న చట్టం 1972లో వచ్చింది. ఆ డబ్బునూ, జిరాక్సు యంత్రాల మీద వసూలయ్యే సుంకాన్నీ పంచే సంస్థ 1958లో పుట్టిన వీజీ వోర్ట్.

వీజీ వోర్ట్ అనేక ఏళ్ళుగా తనకొచ్చిన డబ్బులో ప్రచురణకర్తలకు పెద్ద వాటా ఇస్తూ వచ్చింది. శాస్త్ర గ్రంథాల విషయంలో అది సగం. మార్టిన్ ఫోగెల్ అనే న్యాయశాస్త్ర రచయిత దీన్ని ప్రశ్నించాడు. ఆయన స్వయంగా న్యాయమూర్తి కూడా. నా రచనను జిరాక్సు తీసినందుకు పరిహారం నాది. చట్టంలో ప్రచురణకర్త పేరు లేనప్పుడు సగం అతనికెందుకు అన్నది ఆయన వాదం. 2015 నవంబరు 12న యూరోపియన్ న్యాయస్థానం బెల్జియంలోని రెప్రోబెల్ కేసులో దాదాపు ఇదే మాట చెప్పింది: ప్రతులు తీసే హక్కు కలవాళ్ళ జాబితాలో ప్రచురణకర్తలు లేరు, రచయితకు రావలసినదాన్ని తగ్గించి వాళ్ళకు ఇవ్వకూడదు. 2016 ఏప్రిల్ 21న జర్మనీ అత్యున్నత సివిలు న్యాయస్థానం ఫోగెల్‌ను గెలిపించింది. తీసుకున్న డబ్బు ప్రచురణకర్తలు వెనక్కి కట్టవలసి వచ్చింది. మంచి సాహిత్యం వేస్తున్న చిన్న ప్రచురణ సంస్థలకు ఇది నిజంగా కష్టమైంది, అది కాదనలేం. రచయితల్లోనే కొందరు తమ వాటా వదులుకుంటామని ముందుకొచ్చారు.

దాదాపు అయిదు నెలలకు, 2016 సెప్టెంబరు 14న, యూరోపియన్ కమిషన్ కొత్త డైరెక్టివు ముసాయిదా బయటపెట్టింది. మనం మొదట చూసిన 2019 డైరెక్టివు ఇదే. రచయిత హక్కును ప్రచురణకర్తకు ఇచ్చి ఉంటే పరిహారంలో ప్రచురణకర్తకూ వాటా ఉండవచ్చునని అందులో ఒక అధికరణం చేర్చారు. చివరి పాఠంలో అది 16వది. చరిత్రలో రచయితలు ప్రచురణకర్తల మీద గెలిచిన అరుదైన వ్యాజ్యాన్ని మూడేళ్ళలో రెండు వాక్యాల్లో చట్టం తిరగరాసింది. వీధుల్లో జనం 17వ అధికరణం మీద అరుస్తున్నారు. 16 గురించి పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

జనం అరిచింది అకారణంగా కాదు. 17వ అధికరణం యూట్యూబ్ వంటి పెద్ద వేదికల గొడుగు తీసేసింది. జనం ఎక్కించేదానికి వేదికదే బాధ్యత; లైసెన్సు తీసుకోవాలి, లేదా హక్కుదారులు చూపిన రచనలు కనబడకుండా శక్తిమేరకు ప్రయత్నించాలి. ఇన్ని కోట్ల సరుకును యంత్రపు జల్లెడ తప్ప మనిషి వడకట్టలేడు. యంత్రానికి పేరడీకీ దొంగతనానికీ తేడా తెలియదు. సవరణలు చర్చకు తీసుకోవాలన్న ప్రతిపాదన 312-317తో, అంటే అయిదు ఓట్లతో వీగిపోయింది. పొరబాటున వేరే మీట నొక్కామని తర్వాత కొందరు సభ్యులు రికార్డు దిద్దించుకున్నారు. ఫలితం మాత్రం మారలేదు. పోలండ్ ప్రభుత్వం వేసిన దావాలో 2022 ఏప్రిల్ 26న న్యాయస్థానం ఆ అధికరణాన్ని నిలబెట్టింది గాని, న్యాయమైనదాన్నీ అక్రమమైనదాన్నీ విడదీయలేని జల్లెడ పనికిరాదంది.

15వ అధికరణం పత్రికా ప్రచురణకర్తలకు రెండేళ్ళ హక్కు ఇచ్చింది. వార్తల ముక్కలు చూపే గూగుల్ వాళ్ళకు డబ్బు కట్టాలి. నిజాయితీగా బేరమాడనందుకు ఫ్రాన్సు పోటీ వ్యవహారాల సంస్థ గూగుల్‌కు 2021లో 50 కోట్ల యూరోలు, 2024లో 25 కోట్ల యూరోలు జరిమానా వేసింది. వార్త రాసిన విలేఖరికి ‘తగిన వాటా’ ఇవ్వాలని కూడా అధికరణంలో ఉంది. ఎంత? డైరెక్టివు చెప్పలేదు. రెండు ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడ ఎక్కడ నిలబడిందో ఈ ఒక్క మాటలో కనిపిస్తుంది.

అయితే ఈ డైరెక్టివు అంతా అన్యాయమేనంటే అది విమర్శ కాదు. 18 నుంచి 22 దాకా ఉన్న అధికరణాలు వేరే చెయ్యి రాసినట్లుంటాయి. రచయితకు తగిన, పనికి దీటైన పారితోషికం అందాలి. రచన మీద ఎంత రాబడి వచ్చిందో ప్రచురణకర్త కనీసం ఏడాదికొకసారి లెక్క చెప్పాలి. మొదట ఒప్పుకున్న సొమ్ము తర్వాతి లాభాలతో పోలిస్తే మరీ తక్కువైతే అదనంగా అడగవచ్చు. హక్కులు తీసుకుని పుస్తకం వేయకుండా అట్టే పెట్టుకుంటే వెనక్కి తీసుకోవచ్చు. బోల్ తరం అడిగిన లెక్కలు ఇవి. వీటిలో చాలా భాగం, రచయితల సంఘాల ఒత్తిడితో జర్మనీ 2002లో చేసిన చట్టంలో అప్పటికే ఉంది. కాగితం మీది హక్కు చేతికి రావడానికి ఎంత పడుతుందో కూడా జర్మనీయే చూపింది: 1981 నాటి ‘దాస్ బూట్’ చిత్రపు ఛాయాగ్రాహకుడు యోస్ట్ వకానో, చిత్రం గడించిన లాభాల్లో న్యాయమైన వాటా కోసం 2008లో వేసిన దావా పదేళ్ళు దాటి నడిచింది. మన దేశంలో 2012 సవరణ, సినీ గీతరచయిత తన రాయల్టీ వాటాను ముందే రాసి ఇచ్చేయడం చెల్లదని చేసింది. తెలుగు పాటల రచయితలకూ అది వర్తిస్తుంది. పుస్తక రచయితలమైన మనలో ఎంతమందిమి కాంట్రాక్టు కాగితం మీద సంతకం చేశామన్నది వేరే ప్రశ్న.

16వ అధికరణం విషయానికే వస్తే, జర్మనీలో రచయితల పక్షం ఊరుకోలేదు. 2021లో డైరెక్టివును అమలుచేసిన జర్మన్ చట్టం, పరిహారంలో కనీసం మూడింట రెండు వంతులు రచయితకే దక్కాలని రాసింది. ఫోగెల్ గెలిచినది మొత్తం. మిగిలింది మూడింట రెండు. దావాకు ముందు శాస్త్ర రచయితకు దక్కుతున్నది సగం.

ఇప్పుడు రంగం మీదికి మూడో పెట్టుబడి వచ్చింది. కృత్రిమ మేధ యంత్రాలకు చదివించడానికి రచనల ప్రతులు తీసుకోవచ్చునని 2019 డైరెక్టివులోని 3, 4 అధికరణాలు మినహాయింపు ఇచ్చాయి. పరిశోధనకైతే హక్కుదారు కాదనడానికి వీల్లేదు, వ్యాపారానికైతే ముందుగా వద్దని చెప్పుకోవచ్చు. 2024 సెప్టెంబరు 27న హాంబర్గ్ కోర్టు, 585 కోట్ల బొమ్మల లింకుల జాబితా తయారుచేసిన లయాన్ సంస్థ మీద ఒక ఫోటోగ్రాఫరు వేసిన దావాను, ఆ పరిశోధన మినహాయింపు కిందనే కొట్టేసింది. వాల్‌ట్రాప్ బడిపిల్లది ఒక్క ఫోటో. రెండు కేసులూ ఒకటి కావు. బడి ఫోటోను మళ్ళీ ప్రచురించింది, లయాన్ ప్రచురించలేదు. అయినా ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడవలసినవే.

2025 నవంబరు 11న మ్యూనిక్ కోర్టు మరో దారి పట్టింది. తొమ్మిది జర్మన్ పాటల సాహిత్యాన్ని ఓపెన్ఏఐ యంత్రం లోపల గుర్తుపెట్టుకుని, అడిగితే అప్పజెబుతోందని, అది ప్రతి తీయడమేననీ, మినహాయింపు దానికి వర్తించదనీ తీర్పిచ్చింది. దావా వేసినది గెమా అనే సంగీత హక్కుల సంఘం. గెమాలో పాటలు రాసినవాళ్ళు, బాణీలు కట్టినవాళ్ళు సభ్యులు. సంగీత ప్రచురణ కంపెనీలూ సభ్యులే. ఈ తీర్పుల మీద యంత్రాల కంపెనీలు రేపు డబ్బు కట్టవలసి వస్తే, వచ్చిన డబ్బులో పాట రాసినవాడికి ఎంత, కంపెనీకి ఎంత అన్న చోట ఫోగెల్ వేసిన ప్రశ్న మళ్ళీ లేస్తుంది.